పులెంగ్ పేరు రాసిన డబ్బా

రెండుసార్లు పంపితే రెండుసార్లూ ఒకటే జవాబు వచ్చింది. ఇది తెమడ కాదు, ఉత్త ఉమ్ము, పరీక్షకు పనికిరాదు. మూడేళ్ల పిల్ల అడగ్గానే గుండెల్లోంచి దగ్గి తెమడ ఎలా తీస్తుందో ఆ రాసిన మహానుభావుడు మాత్రం రాయలేదు. మొఖోట్లాంగ్ ఆసుపత్రి ల్యాబులో టీబీ పురుగు జన్యువును పట్టుకుని, అది ఏ మందుకు లొంగుతుందో ఏ మందుకు లొంగదో రెండు గంటల్లో చెప్పేసే మిషను ఉంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని, ఆ మిషను నోట్లో వెయ్యడానికి పులెంగ్ దగ్గర తెమడ లేదు.

మాపులెంగ్ పిల్లను దుప్పటితో వీపుకు కట్టుకుని, మంచులో మూడు గంటలు నడిచి మూడోసారి క్లినిక్‌కు వచ్చింది. మాపులెంగ్ అంటే పులెంగ్ తల్లి. పిల్ల కడుపున పడకముందే, పెళ్లినాడు అత్తవారు పెట్టిన పేరది. ఆ పేరుకు తగ్గట్టు ఆమెకు పిల్ల తప్ప వేరే లోకం లేదు. గనిలో పనిచేసిన మొగుడు రెండేళ్ల కిందట దగ్గుతూ ఇంటికొచ్చి, పరీక్షదాకా కూడా ఆగకుండా పోయాడు. ఇప్పుడు పిల్ల తొమ్మిది కిలోలకు దిగిపోయింది. ఒళ్లు కాలిపోతోంది. నిన్నటి నుంచి జొన్నగంజి గుక్కెడు కూడా మింగలేదు.

నర్సు రెఫిలువే మంచి పిల్లే. కానీ ల్యాబు కాగితం రానిదే మందిచ్చే అధికారం ఆమెకు లేదు. జిల్లా ఆసుపత్రిలో అయితే పిల్లల కడుపులోకి గొట్టం వేసి నమూనా తీస్తారట. కనుమ దారి మంచుకు మూసుకుపోయి పది రోజులైంది. మోటారు సైకిలు మీద నమూనాలు మోసే త్సెపో ఒక్కడే గొర్రెల బాటల్లో పడి లేచి, మంగళవారం, శుక్రవారం వచ్చిపోతున్నాడు. ఉమ్ముల పోస్ట్‌మ్యాన్ అని ఊళ్లవాళ్లు ఏడిపిస్తే అతనూ నవ్వేవాడు.

తెమడ తీసే పని గాలి తగిలేచోట చెయ్యాలి. క్లినిక్ గోడ వెనక, చలిలో, మాపులెంగ్ పిల్ల వీపు నిమిరింది, తట్టింది, బతిమాలింది. పులెంగ్ డబ్బాలో బుద్ధిగా రెండుసార్లు ఉమ్మింది.

“ఉమ్మేశాగా అమ్మా, ఇంటికెళ్దాం,” అంది.

నీళ్లలాంటి ఆ ఉమ్ము చూస్తే తల్లికి ఏడుపొచ్చింది. అంతలో కింద వాగు దగ్గర మోటారు సైకిలు చప్పుడు వినిపించింది. ఇది కూడా తిరిగొస్తే మళ్లీ వారం. పిల్లకు వారం లేదని ఆమెకు తెలుసు. మిషనుకు తెమడ కావాలి, నర్సుకు కాగితం కావాలి, కాగితం కదిలితే మందు కదులుతుంది. డబ్బాలోది మంచులో పారబోసి, తనే వంగి గట్టిగా దగ్గింది. చలికాలమంతా ఆమెకు దగ్గే. పేడపిడకల పొయ్యి ముందు కూర్చునే ఏ ఆడదానికి ఉండదు? మూడో దగ్గుకు చిక్కటి తెమడ వచ్చింది. మూత బిగించింది. డబ్బా మీద పులెంగ్ పేరు రాసి ఉంది.

త్సెపో డబ్బాను వెలుతురుకు ఎత్తి చూశాడు.

“ఈసారి సరుకు బాగుందక్కా. దీన్ని గనక తిప్పి పంపితే వాళ్లతో నేనే పోట్లాడతా.”

మాపులెంగ్ నవ్వలేక నవ్వింది.

మంగళవారం పొద్దున ఊరి పెద్ద ఇంటికి ఫోన్ వచ్చింది. పరీక్షలో పురుగు దొరికిందనీ, దారి తెరిచారనీ, ఆసుపత్రి కారు వస్తోందనీ, పిల్లను తీసుకుని వెంటనే క్లినిక్‌కు రమ్మనీ కబురు. దొరికింది అన్న మాటకు మాపులెంగ్ ప్రాణం లేచొచ్చింది. సగం దారి నడిచాక గానీ ఆమెకు వెలగలేదు. దొరికింది ఎవరి తెమడలో? అక్కడే మంచులో కాసేపు నిలబడిపోయింది. వీపు మీద పిల్ల దగ్గింది. మళ్లీ నడిచింది.

క్లినిక్‌లో కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. రెఫిలువే మాస్కు పెట్టుకుని, ఆమెకూ ఒకటి ఇచ్చింది.

“మామూలు టీబీ కాదక్కా. అసలు మందుకే లొంగని రకం. పిల్లను ఈ రోజే చేర్చాలి,” అని, గొంతు తగ్గించి అడిగింది. “ల్యాబ్ ఆయనకు ఒక అనుమానం. మిషను పురుగు చాలా ఎక్కువ అని చూపిస్తోందట. పసిపిల్లల్లో అంత ఉండదంటాడు. ఆ తెమడ పులెంగ్‌దేనా?”

“దానిదే,” అంది మాపులెంగ్.

కాదంటే నాలుగో డబ్బా. అవునంటే, పిల్లలో ఉందో లేదో తెలియని మొండి పురుగుకని ఆ పసిదానికి మందులు పోస్తారు. వెనకటికి ఆమె మరిదికి ఇలాంటి జబ్బుకే సూదులు వేస్తే రెండు చెవులూ పోయాయి. ఎటు చెప్పినా పిల్లకే ముప్పు. రెఫిలువే కాగితం మీద పులెంగ్ పేరు రాసి, బరువు దగ్గర తొమ్మిది అని వేసింది. తొమ్మిది కిలోల పిల్లకు ఆ మందులా అనుకుంది మాపులెంగ్.

“నాది సిస్టర్. నేనే దగ్గా. మీ కాళ్లు పట్టుకుంటా, దాన్ని మాత్రం వెనక్కి పంపకండి.”

నర్సు కలం కింద పెట్టింది. తిట్టలేదు. తిడితే బాగుండును అనిపించింది మాపులెంగ్‌కు.

“పంపను,” అంది రెఫిలువే. “పసిపిల్లల్లో పురుగు అంత తేలిగ్గా దొరకదక్కా. ఇంట్లో పెద్దవాళ్లలో ఏ రకం దొరికితే పిల్లల్లోనూ అదే అనుకుని మందు మొదలుపెడతాం. సూదులు కాదు, ఇప్పుడంతా మాత్రలే. మొదటి రోజే నిన్ను దగ్గమనాల్సింది. రెండుసార్లు నీ దగ్గు విని కూడా పొయ్యి పొగలే అనుకున్నా. తప్పు నాది.”

“అయితే దానికి మందిస్తారు.”

“ఇస్తారు. నీకూ ఇస్తారు.”

మాపులెంగ్‌కు ఆ రెండో మాట చెవిన పడలేదు. పిల్లను కట్టుకున్న బూడిదరంగు దుప్పటి అంచును చేత్తో తడిమింది. మొగుడు గని నుంచి తెచ్చుకున్న దుప్పటి. అతను పోయినప్పటి నుంచి తల్లీ పిల్లా అందులోనే, మొహం మీద మొహం పెట్టుకుని పడుకుంటున్నారు.

“నా నుంచే వచ్చిందా దానికి?”

రెఫిలువే ఇంకో కాగితం తీసింది. అది తల్లి పేరు మీద రాయాలని, పుట్టింట్లో పెట్టిన పేరు చెప్పమంది. సెల్వానే అని చెప్పింది. ఎనిమిదేళ్లుగా ఆ పేరుతో ఆమెను పిలిచినవాళ్లు లేరు.

కారు వచ్చింది. మాపులెంగ్ తనే ముడి విప్పి పిల్లను నర్సు చేతికిచ్చింది. నర్సు తన శాలువాలో చుట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. తల్లిని వెనక, తెరిచిన కిటికీ పక్కన కూర్చోబెట్టారు. మంచుగాలి కోస్తోంది. వీపు మీద బరువు లేక ఆమెకు సరిగ్గా కూర్చోవడం కూడా చేతకాలేదు.

కనుమ ఎక్కేటప్పుడు పులెంగ్ మేలుకుని, రెండు చేతులూ వెనక్కి చాపింది.

“అమ్మా, వీపు.”

మాటలొచ్చినప్పటి నుంచి ఆ మాటకు ఆమె వంగని రోజు లేదు. మాపులెంగ్ మాస్కు మీద అరచెయ్యి అదిమిపెట్టుకుని, మొహం కిటికీ వైపు తిప్పుకుని, “నిద్రపో తల్లీ,” అంది.