కిటికీకి రెండో అద్దం

మా ఆయన పోయాక నేను రాయినైపోయానని చుట్టాలంతా తేల్చేశారు. కాలేదని నేనూ అనను. పనిచేసే చోట కుర్చీలోనే గుండె ఆగిపోయిందని కబురొచ్చినప్పుడు, స్టవ్ కట్టేసి, కూరగిన్నె మీద మూత పెట్టి, చెప్పులేసుకుని బయల్దేరాను. కబురు తెచ్చిన పక్కింటావిడ ఆ మూత సంగతి నలుగురికీ చెప్పింది. మూత పెట్టకపోతే ఆయన లేచి వచ్చేవాడా? ఏడుపు అప్పుడూ రాలేదు, ఇప్పటికీ రాలేదు. కాలు మడిచి కూర్చుంటే తిమ్మిరెక్కుతుంది చూడండి, ఒళ్లంతా అలా ఉంది, అంతే.

మాది రెండో అంతస్తు. ముందు గది కిటికీ కిందే బస్ స్టాపు. సాయంత్రం బస్సు ఆగేటప్పుడు ముందు బ్రేకు కీచుమంటుంది, తర్వాత తలుపులు బుస్సుమంటూ తెరుచుకుంటాయి. ఉద్యోగం చేసినన్నాళ్లూ మా ఆయన ఆ బస్సే దిగాడు. ఆ గదిలోనే మంచం మీద మా అత్తయ్య ఉంటుంది. చూపు ఆనదు, చెవులు మాత్రం పాము చెవులు. మతిమరుపు జబ్బు ముదిరింది. కొడుకు పోయిన సంగతి ఆవిడ బుర్రలో నిలవదు. మొదట్లో అడిగినప్పుడల్లా నిజమే చెప్పేవాళ్లం. చెప్పిన ప్రతిసారీ ఆవిడకది కొత్త చావే, గుండెలు బాదుకునేది. తెల్లారేసరికి మళ్లీ మామూలే. ఒక మనిషిని ఎన్నిసార్లని చంపుతాం? చెప్పడం మానేశాం.

అప్పట్నుంచీ బస్సు తలుపులు బుస్సుమనగానే వాడొచ్చాడు, తలుపు తియ్యమంటుంది. నేను వెళ్లి తీస్తాను. గుమ్మంలో ఎవరూ ఉండరు. ఈ బస్సుకి రాలేదంటాను. పనెక్కువై ఉంటుంది పాపం, నాకు పెట్టెయ్యి అని, తిని పడుకుంటుంది. రోజూ ఇదే నాటకం. ఇందులో నా వేషం తలుపు తియ్యడం.

ఒకరోజు గడియ మీద చెయ్యి వేశాక, ఆ చెయ్యి కదల్లేదు. ఏడుపూ కాదు, కోపమూ కాదు. ఊరికే కదల్లేదు. ఆ మాట మా ఆడపడుచుతో ఫోన్లో అన్నాను. బస్సు వినబడకపోతే గొడవే ఉండదు కదా వదినా అంది. వాళ్ల ఆఫీసులో కిటికీలకి లోపలి వైపు రెండో అద్దం వేయించారట. వీధిలో కొంపలు కూలినా లోపల చీమ చిటుక్కుమనదట. ఉచిత సలహాలకి ఆవిడ పెట్టింది పేరు. కానీ ఈ సలహా నాకు నచ్చింది.

అద్దాలు బిగించే ఆయన వచ్చాడు. వాగుడుకాయ. పాత కిటికీ జోలికి పోడట. దానికి ఇవతల జానెడు ఖాళీ వదిలి ఇంకో చట్రం, అందులో ఇంకో అద్దం నిలబెడతాడట. ఆ మధ్యనున్న గాలే చప్పుడుని మింగేస్తుందట. ఏ ఇంటి కిటికీ సరిగ్గా ఉండదని గొణుక్కుంటూ పైనా, మధ్యనా, కిందా కొలిచాడు. పక్కకి జరిగే అద్దం పెట్టాలా, బిగించేసేది పెట్టాలా అనడిగాడు. జరిగేదైతే కాస్త చప్పుడు సందులోంచి దూరుతుంది. బిగించేస్తే దాదాపు ఏమీ రాదు, కానీ దుమ్ము తుడవాలన్నా స్క్రూలు విప్పాల్సిందే. జరిగేదే మంచిదండీ, ఎప్పుడైనా గాలి కావాలనిపిస్తుంది అన్నాడు.

"బిగించెయ్యండి," అన్నాను.

ఇంకేదో చెప్పబోతే, మా గాలి సంగతి మేం చూసుకుంటామని కసిరాను. అద్దం కోయించి తెచ్చిన రోజు పాపం ఒక్క మాటా మాట్లాడలేదు. చుట్టూ రబ్బరు పట్టీ అతికించి, స్క్రూలు బిగించి, చెమట తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

చివరి స్క్రూ బిగిసేసరికి వీధి మూగబోయింది. కింద జనం నోళ్లు మాత్రం ఆడుతున్నాయి. హాయిగా ఉందని చెప్పలేను. బయట కూడా నాలాగే అయింది, అనుకున్నాను.

ఆ సాయంత్రం బస్సు వచ్చి వెళ్లడం అద్దంలోంచి చూశాను. అత్తయ్య ఉలకలేదు, పలకలేదు. అమ్మయ్య అనుకుని కంచం తెచ్చి ముందు పెట్టాను.

"బస్సు రానీ," అంది.

వచ్చి వెళ్లిపోయిందన్నాను. నాకేమన్నా చెవుడా అని కంచం పక్కకి నెట్టింది. కూర్చునే కునికిపాట్లు పడింది. పడుకోబెట్టబోతే బస్సింకా రాలేదుగా అంది. మర్నాడు పొద్దున్న నాలుగు గుక్కలు పాలు తాగింది, అంతే. సాయంత్రం ఆడపడుచు వచ్చి బతిమాలింది. అన్నయ్య ఫోన్ చేశాడు, నిన్ను తినెయ్యమన్నాడని అబద్ధం కూడా ఆడింది. అత్తయ్య నవ్వింది. అమ్మకి ఫోన్ చేసే బుద్ధి వాడికెప్పుడుందే అంది. నిజమే, ఎప్పుడూ లేదు. ఆ పూటా ముద్ద ముట్టలేదు.

అప్పటికి వెలిగింది నా మట్టిబుర్రకి. బస్సు వచ్చి ఆవిడ ఎదురుచూపు మొదలుపెట్టేది కాదు, ముగించేది. వచ్చాడో రాలేదో తేలిపోయేది. తేలాక ఆకలి వేసేది. చప్పుడు ఆపేసి, ఆవిణ్ణి బస్సే రాని చోట కూర్చోబెట్టాను నేను.

తెల్లారాక అద్దం విప్పమని అద్దాలాయనకి ఫోన్ చేస్తే పై వారం కానీ కుదరదన్నాడు. నేను ముందే చెప్పాను కదండీ అనలేదు, అదే పదివేలు. పై వారం దాకా ఈ ముసలి ప్రాణం ఆగొద్దూ? అటక మీది డబ్బాలోంచి మా ఆయన స్క్రూడ్రైవర్ తీశాను. పిడి విరిగితే ఆయన నల్ల టేపు చుట్టాడు, వంకరగా. మధ్యాహ్నం నుంచి కుస్తీ పడితే పై స్క్రూలు మాత్రం మిగిలాయి. అవి తీస్తే అద్దం మీదికి ఒరుగుతుంది. అత్తయ్యని నడిపించుకొచ్చి, రెండు చేతులూ అద్దానికి ఆనించి నిలబెట్టాను.

"ఇదంతా నీకెందుకమ్మా? వాడొచ్చి చేస్తాడుగా," అంది.

"ఆయన చేతిలో పెడితే ఒక స్క్రూ పారేస్తాడు అత్తయ్యా. అది వెతకడానికి మళ్లీ మనిద్దరమే."

ఎవరూ అడక్కుండా ఆయన గురించి నేనొక మాట అనడం, ఆయన పోయాక అదే మొదలు. అత్తయ్య కిలకిలా నవ్వింది. అద్దం కదిలింది. కదలకండని కసిరాను.

అద్దం దించి గోడకి చేర్చాను. పాత కిటికీ రెక్కలు తోశాను. హారన్లు, దగ్గులు, ఎవరో ఎవర్నో తిడుతున్న తిట్లు, వీధంతా ఇంట్లోకి వచ్చి పడింది. ఇద్దరం మంచం మీద పక్కపక్కన కూర్చున్నాం. బ్రేకు కీచుమంది. తలుపులు బుస్సుమన్నాయి.

"వాడొచ్చాడు, తలుపు తియ్యమ్మా."

వెళ్లి గడియ తీశాను. పై ఇంటాయన సంచీతో మెట్లెక్కుతూ నన్ను చూసి తలూపాడు. ఆయన అడుగుల చప్పుడు పైకి పోయేదాకా నిలబడ్డాను. ఆ తర్వాత కూడా నిలబడ్డాను, ఇంకెవరైనా దిగారేమోనని.

"రాలేదా?" లోపల్నుంచి అడిగింది.

గడియ పెట్టి వచ్చాను. రాలేదన్నాను.

"సరే, నాకు పెట్టెయ్యి. నువ్వూ తినెయ్యి. వాడికి మూత పెట్టి ఉంచు."

పెట్టాను. ఆవిడ కంచం ఖాళీ చేసింది. నేను వంటింట్లోకి వెళ్లి కూరగిన్నె ముందు నిలబడ్డాను. చేతిలో మూత ఉంది. అది గిన్నె మీద పెట్టడానికి నాకు చాలాసేపు పట్టింది.