పూర్తి వీడియో

నేను వెళ్ళేసరికి జగన్నాధం గారి కిరాణా కొట్టు షట్టరు దించేసి ఉంది. ఆయన దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. ఎదురుగా శృంగవరపుకోట సంతకొచ్చిన జనం. లోపల దాలయ్య అనే మనిషిని దాచింది తనేనని ఆయనే చెప్పాడు. దాలయ్యది శ్రీకూర్మం వైపు. పనిముట్ల సంచితో ఇంటింటికీ తిరిగి గ్యాస్ స్టవ్‌లు బాగుచేస్తాడు. ఒక పాపను మంచినీళ్ళడిగాడు. అంతే.

"ఆడు పిల్లలనెత్తుకుపోయేవోడు," అన్నాడు పాప తండ్రి పైడిరాజు. అతని ఫోన్లో వీడియో ఆడుతోంది. ముసుగు వేసుకున్న మనిషి ఒకడు పిల్లను సంచిలో కుక్కుతున్నాడు. "సూడు. ఈడి సంచీ అలాంటిదే."

వీడియో మూలన మా ఛానల్ లోగో ఉంది.

నేను ఈ మండలం వార్తలు పంపే కంట్రిబ్యూటర్ని. పొద్దున్న ఆ వీడియోను 'జాగ్రత్త, మన జిల్లాలోనే' అని వేసింది మా ఎడిటర్ నరసింగరావు గారు. ఆయనకది వాట్సాప్‌లో వచ్చింది. మా పద్ధతే అంత. గ్రూపులో వచ్చినదానికి ముందు లోగో తగిలిస్తాం, ఎక్కడిదని తర్వాత అడుగుతాం. పక్క ఛానల్ వేసేలోపు మనం వేసెయ్యాలి.

మా ఇంట్లో డిగ్రీ చదివినదాన్ని నేనే. వీడియో నిజమో కాదో తేల్చడం విలేకరులకు ఆన్‌లైన్లో ఉచితంగా నేర్పే కోర్సుంటే అదీ పూర్తి చేశాను. అందులో చూపించినట్టే వీడియో ఆపి, స్క్రీన్‌షాట్ తీసి, ఆ బొమ్మతో నెట్‌లో వెతికాను. సిగ్నల్ సరిగా లేదు. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది.

"ఏటి సూస్తన్నావు ఫోన్లో? షట్టరెత్తమని సెప్పు," అన్నాడు పైడిరాజు.

"కాసేపాగు అన్నా."

"నీ పిల్లయితే ఆగుతావేటి?"

సిగ్నల్ కోసం ఫోను పైకెత్తాను. వెనకనుంచి ఒక రాయి వచ్చి షట్టరుకు తగిలింది.

"మొన్ననే రంగేయించాన్రా," అన్నాడు జగన్నాధం గారు. "సొట్ట పడిందంటే మీ ఇళ్ళకొచ్చి కూసుంటాను." ఒకరిద్దరు నవ్వారు. మిగతావాళ్ళు నవ్వలేదు.

అప్పుడు దొరికింది. అదే వీడియో, ఎక్కడో ఉత్తరాదిది, చాలా పాతది, కోతలేకుండా. పైడిరాజు కళ్ళముందు పెట్టాను. చివర్లో ఆ మనిషి ముసుగు తీశాడు. పిల్ల నవ్వుతూ సంచిలోంచి లేచింది. ఇద్దరూ కెమెరాకు దండం పెట్టారు. పిల్లల్ని జాగ్రత్తగా చూసుకోమని చెప్పడానికి ఆడిన నాటకం. ఎవరో చివర కోసేసి గ్రూపుల్లో తిప్పారు.

పైడిరాజు మళ్ళీ పెట్టించుకుని చూశాడు. "మరి మీ ఛానల్లో మన జిల్లాదని ఎందుకేసినారు?"

వెనకవాళ్ళకు నా ఫోను కనపడదు. వాళ్ళ ఫోన్లలో ఉన్నది మా లోగో వీడియోనే. నరసింగరావు గారికి ఫోన్ చేశాను.

"డిలీట్ చేసేస్తాను శ్రావణీ. మనం తప్పుగా వేశామని మాత్రం అనకు. ఛానల్ పేరు పోతాది."

"అందరి ఫోన్లలోకీ ఎప్పుడో దిగిపోయింది సార్. మీరు లైవ్‌లోకొచ్చి సెప్తే ఇంటారు."

"పోలీసులు సూసుకుంటారు. నువ్వొచ్చీ."

జగన్నాధం గారు పోలీసులకు చెప్పి చాలాసేపయింది. షట్టరుకు ఇంకో రాయి తగిలింది. ఛానల్ పేజీలో లైవ్ పెట్టే వీలు నాకూ ఉంది. ఫోన్లలో మా పేజీ తెరవమని జనానికి అరిచి, లైవ్ పెట్టాను.

"నేను శ్రావణిని, శృంగవరపుకోట కంట్రిబ్యూటర్ని. పొద్దున్న మేము వేసిన వీడియో మన జిల్లాది కాదు. అది నాటకం. సరిచూసుకోకుండా వేశాం, తప్పు మాదే. దాలయ్య ఎవరినీ ఎత్తుకుపోలేదు."

మళ్ళీ మొదటినుంచి చెప్పాను. జనం ఫోన్లలో ఒక్కొక్కటిగా నా గొంతే, కాస్త ఆలస్యంగా, నాకు వినిపించింది. అందరూ నమ్మారని అనను. పైడిరాజు మాత్రం పక్కకు జరిగాడు.

"దారియ్యండ్రా," అన్నాడు.

లైవ్ అక్కడితో తెగిపోయింది. ఛానల్ వాట్సాప్ గ్రూపులోంచి నరసింగరావు గారు నన్ను తీసేసినట్టు కనిపించింది.

జగన్నాధం గారు షట్టరు సగం ఎత్తితే, దాలయ్య కిందనుంచి వంగి బయటికొచ్చాడు. చొక్కా జేబు చిరిగి వేలాడుతోంది.

"ఆ వీడియో ఏసింది నువ్వేనా?"

"మా ఛానలే."

తిట్టలేదు, దండమూ పెట్టలేదు. సంచి భుజానికెత్తుకున్నాడు.

"బస్సెక్కేదాకా నా పక్కన నడు," అన్నాడు. "నువ్వు సెప్పింది ఇంకా సూడనోళ్ళుంటారు."