పై మేకు మీది తెల్ల వైరు

మామ తెల్ల వైరు ముక్క కోసి, కొసకు లైటర్ మంట చూపించాడు. తొడుగు చిటికెలో మెత్తబడి, నల్లటి చుక్కలుగా బల్ల మీదికి రాలింది. ఘాటు వాసన ఆ కరెంటు సామాన్ల షాపంతా కమ్మేసింది.

"అల్లుడూ, పొద్దున చిన్నదాని బేకరీ ఓవెన్‌కి ఏ వైరు చుట్ట వాడావు?"

చిన్నదంటే మామ రెండో కూతురు, అల్లుడికి మరదలు.

"పై మేకుకున్నదే మామయ్యా. తెల్లది."

మామ ముఖం పాలిపోయింది. "అది సిలికాన్ కాదయ్యా, మామూలు పీవీసీ! కింద చెమ్మ ఎక్కుతోందని నిన్న నేనే పైకి మార్చాను. నీకు చెప్పడం మరిచాను."

వాళ్ల షాపులో పై మేకు వేడి తట్టుకునే సిలికాన్ వైరుకే. ఎవరూ అడగరు, ఎవరూ చూడరు. చేత్తో పట్టుకుంటే తేడా తెలిసేదే. సిలికాన్ రబ్బరులా మెత్తగా ఒంగుతుంది, పీవీసీ బిరుసుగా ఉంటుంది. కానీ బొటనవేలు తెగిందని అల్లుడు పొద్దుటి నుంచీ మందపాటి గ్లవ్స్ తొడుక్కునే ఉన్నాడు.

పీవీసీ వైరు గోడ పైపుల్లో ఉండి ఫ్యాన్లకీ లైట్లకీ కరెంటు మోస్తూ ఏళ్లకేళ్లు బతుకుతుంది. ఓవెన్ వెనక సెగకు మాత్రం మైనమైపోతుంది. లోపలి రాగి తీగ స్టీలు ఒంటికి తగిలిందా, ఓవెన్ మొత్తానికి కరెంటు పాకుతుంది. పైగా అలా పాకిన కరెంటును నేలలోకి దించే ఎర్త్ వైరు ఇంకా కలపలేదు. రేపు కలిపేదాకా స్విచ్ వేయొద్దని మరదలికి చెప్పి వచ్చాడు. చెబితే వినే రకమైతే ఆమె మరదలే కాదు.

ఫోన్ చేశాడు.

"బావా, నీ ఓవెన్ భలే కాగుతోంది! మొదటి ట్రే ఇప్పుడే పెడుతున్నా."

"దాన్ని ముట్టుకోకు! షాక్ కొడుతుంది!"

అవతల నుంచి పకపకా నవ్వు. "పొద్దుటి నాటకమే మళ్లీనా? కొత్తది నేర్చుకో పో!"

ఫోన్ కట్టయింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

పొద్దున పని ముగించాక అతను ఓవెన్ మీద చెయ్యి వేసి, "అమ్మో, కరెంటు!" అంటూ గిలగిలా కొట్టుకున్నాడు. ఆమె కెవ్వుమని పిండి డబ్బా వదిలేసింది. ఆ తర్వాత అప్పడాల కర్రతో వీధి చివరిదాకా తరిమింది.

ఇప్పుడు అదే వీధిలో అతను ప్రాణాలు అరచేత పెట్టుకుని పరుగెత్తాడు.

గాజు తలుపు తోశాడు. మరదలు అప్పుడే కడిగిన తడి నేల మీద, చెప్పుల్లేకుండా, ఓవెన్ ముందు నిలబడి ఉంది. ఒక చేతిలో ట్రే. రెండో చెయ్యి స్టీలు పిడి వైపు వెళుతోంది.

"వద్దు! నిజంగా షాకే!"

"ఆకలేస్తే ఆకలేస్తోందని చెప్పు బావా, ఈ వేషాలెందుకు?"

చెయ్యి ఆగలేదు. ఇక మాటలు పనికిరావని అతనికి అర్థమైంది. తలుపు పక్కనే మీటర్ బోర్డు. ఎగిరి మెయిన్ స్విచ్ కిందికి లాగాడు.

దీపాలు పోయాయి. ఫ్యాన్ ఆగింది. మరదలి వేళ్లు పిడి మీద బిగిశాయి.

ఏమీ కాలేదు.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది!" ఆమె అరిచింది. "మొదటి రోజే నా పిండంతా పాడుచేస్తావా?"

అతను స్క్రూలు విప్పి, ఓవెన్ వెనక రేకు తీశాడు. ఫోన్ వెలుగులో ఇద్దరూ లోపలికి వంగి చూశారు. తెల్ల తొడుగు కరిగి వేలాడుతోంది. ఎర్రటి రాగి తీగ స్టీలు గోడకు ఆనుకుని ఉంది.

మరదలు ట్రేని మెల్లగా బల్ల మీద పెట్టింది. తన అరచేతిని తిప్పి చూసుకుంది.

మామ సరైన చుట్ట భుజాన వేసుకుని రొప్పుతూ వచ్చాడు. "తప్పు నాదేనమ్మా. బావనేమీ అనకు."

అల్లుడు గ్లవ్స్ విప్పి జేబులో కుక్కుకున్నాడు. కొత్త చుట్ట నుంచి ముక్క కోసి, లైటర్‌తో సహా మరదలి చేతికిచ్చాడు. "నువ్వే చూడు."

ఆమె వెలిగించింది. తొడుగు కరగలేదు, కారలేదు. మంట తగిలిన చోట తెల్లటి బూడిద మాత్రం తీగను అంటిపెట్టుకుని మిగిలింది.

"ఇప్పుడైనా నమ్ముతావా?"

"నమ్ముతా," అంది మరదలు. "వైరుని. నిన్ను కాదు."

అతను వైరు మార్చి, అప్పుడే ఎర్త్ కూడా కలిపేదాకా ఆమె మెయిన్ స్విచ్ ముందు నుంచి కదల్లేదు, ఎవరినీ దాని మీద చెయ్యి వేయనివ్వలేదు.