దాదికి పెట్టని దీపం

"నాన్నది ఉందిగా, అది చూసి రాసెయ్. పేర్లు మారిస్తే సరి" అన్నారు మా ఆయన ఇమ్మానియేలు, వంటింటి గుమ్మంలో నిలబడి. నేనప్పుడు అరవై మందికి టీ వడపోస్తున్నాను. మా అత్త కొండమ్మ పోయి మూడో రోజు. సాయంత్రం ఆదరణ కూడిక. పోయినవాళ్ల జీవిత చరిత్ర చర్చివాళ్లందరి ముందూ చదవడం మాలో ఆనవాయితీ. చదివేది మా బావగారు ప్రకాష్. రాయాల్సింది నేను. బడిపంతులమ్మని కదా, దస్తూరి బాగుంటుందట.

మామగారు దానయ్య ఉపదేశిగారిది నాలుగు పేజీలుంది. ఏయే ఊళ్లలో వాక్యం చెప్పారో, ఎవరు శాలువా కప్పారో, ఏ సైకిలు మీద తిరిగారో, ఆ సైకిలు చివరికి ఎవరికిచ్చారో కూడా ఉంది. గ్లాసులు కడిగి వచ్చాక బావగారు అత్తది చెప్పారు, నేను రాసుకున్నాను. దానయ్యగారిని వివాహమాడెను. ఆయన పరిచర్యలో సహకారిగా నుండెను. ఇద్దరు కుమారులను కనెను. ప్రభువునందు నిద్రించెను. "ఇంకేముంటదమ్మా అమ్మకి, ఇల్లే గదా" అన్నారాయన. వెటకారంగా అనలేదు. మంచి మనిషే. అందుకే నాకు మరీ కష్టంగా అనిపించింది.

నాకు 'ఏడు కోటలు' గుర్తొచ్చింది. నవ్వితే నవ్వండి. అది హిందీలోంచి తెలుగు చేసిన మంత్రాల సీరియల్. తొంభై ఎనిమిదిలో మొదలైంది. మూడేళ్లపాటు శనివారం సాయంత్రాలు నేనూ అత్తా పట్టా పరుచుకుని, ఆవిడ కూలికి తెచ్చుకున్న మిరపకాయలకి ముచ్చికలు తీస్తూ చూశాం. "నాన్న బతికుంటే మాంత్రికుల్ని చూస్తున్నారని టీవీని బావిలో పారేసేవాడు" అనేవారు మా ఆయన. ఆయనా చూసేవారే, మంచం మీద పడుకుని.

ఆఖరి ఏడాది వరసపెట్టి ఒక్కొక్కణ్ణీ చంపడం మొదలెట్టారు. సేనాపతి చావడానికి మూడు వారాలు పట్టింది. బాణం తగలడానికొకటి, పడిపోవడానికొకటి, యువరాజు ఏడవడానికొకటి. యువరాజు గుర్రం పోతే పాట పెట్టారు. పసిగుడ్డుగా ఉన్న ఆ యువరాజుని మంటల్లోంచి ఎత్తుకొచ్చి పెంచిన దాది మాత్రం ఒక్క మాటలో పోయింది. భటుడొకడు వచ్చి "దాది కూడా పోయింది ప్రభూ" అన్నాడు. యువరాజు తలూపి, కోట గోడల సంగతి అడిగాడు.

అత్త చేతులు ఆగిపోయాయి. "చూపీకుండా చంపరమ్మాయ్. యాడో దాక్కునుంటది. ఆఖర్న వస్తది చూడు" అంది. నాకూ అలాగే అనిపించింది. మంత్రాల సీరియల్లో చచ్చినవాళ్లు లేచి రావడం మామూలే కదా. పదకొండు వారాలు ఎదురుచూశాం. ఆఖరి శనివారం పట్టాభిషేకం జరిగింది. పోయినవాళ్లకి పేరుపేరునా దీపాలు వెలిగించారు. అత్త వేళ్లు మడిచి లెక్కపెట్టింది. గుర్రానికి కూడా పెట్టారు. దాదికి లేదు.

"దానికో దీపం పెడితే నూనె తరిగిపోద్దా?" అంది అత్త.

మా ఆయన మంచం మీదే దొర్లి నవ్వారు. "పనిమనుషులక్కూడా పెట్టాలంటే ఇంకో ఏడాది తియ్యాలమ్మా" అన్నారు. నిజం చెప్పాలంటే నేనూ నవ్వాను. అత్త నావంక ఒకసారి చూసింది. లేచి వెళ్లి ఆయనకి అన్నం వడ్డించింది. ఆ చూపు ఈ మూడు రోజులుగా నన్ను వదలడం లేదు. నవ్వకుండా ఉండాల్సింది. ఆవిడతో పదకొండు వారాలు ఎదురుచూసినదాన్ని, నేనైనా నవ్వకుండా ఉండాల్సింది.

బావగారు చెప్పింది రాసిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బియ్యం డబ్బా కింద దోపేశాను. గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుని ఇంకో కాగితం తీసుకున్నాను. గంటన్నర రాశాను. రెండో విడత టీ ఎవరు పెట్టారో నాకు తెలియదు. తలుపు కొట్టినా లేవలేదు.

ఐదున్నరకి షామియానా కింద కూడిక మొదలైంది. పాట అయ్యాక పాస్టరుగారు "ఇప్పుడు పెద్ద కుమారుడు జీవిత చరిత్ర చదువుతారు" అన్నారు. బావగారు కాగితం కోసం నావైపు చెయ్యి చాపారు. నేను ఇవ్వలేదు.

"నేను చదువుతాను బావగారూ."

మా ఆయన నా కొంగు పట్టుకున్నారు. "కూర్చో జయా, బాగుండదు" అన్నారు మెల్లగా. మా చర్చిలో ఆడవాళ్లు పాట ఎత్తుకోవడమే గాని మైకు ముందు మాట్లాడింది లేదు. కాగితం మడిచి, మళ్లీ విప్పాను. బడిలో యాభై మంది పిల్లల్ని అదిలించేదాన్ని, సొంత అత్త గురించి నాలుగు మాటలు చెప్పడానికి ఇంత భయమా అని నామీద నాకే కోపం వచ్చింది. కొంగు విడిపించుకుని వెళ్లి మైకు పట్టుకున్నాను. ఎదురుగా ముందు వరసలో అన్నదమ్ములిద్దరూ నేలచూపులు చూస్తున్నారు. చదవడం మొదలుపెట్టాను.

"మా అత్త కొండమ్మకి కారం పడేది కాదు. అందరికీ ఎర్రగా కూర వండి వడ్డించి, ఆవిడ ముప్పై ఏళ్లు మజ్జిగన్నం తిని పడుకుంది. ఈ సంగతి ఆవిడ కన్నకొడుకులు ఇప్పుడే వింటున్నారు."