ముందు నువ్వు తాగు

నాకు అనుమానం జబ్బని ఊరంతా అన్నారు. టీలో ఏటో కలుపుతున్నారని నాను అన్నాను. కలిపినారు. ఈ ముక్క ముందే ఎందుకు సెప్పీస్తన్నానంటే, సగం ఇనీసి మీరు కూడా 'పాపం స్టాన్లీ' అనీసి తలలు ఊపుతారు. అలగ ఊపితే నాకు ఒళ్లు మండుతాది.

మాది గజపతినగరం. ఇరవై రెండేళ్లు సాలూరు లారీ తోలినాను. ఘాటీ ఎక్కి ఒరిస్సా దాటి రాయిపూర్ దాకా ఎల్లొచ్చేవోడ్ని. నా బండి కింద ఒక మేకపిల్ల కూడా సావనేదు. డీజిల్ కల్తీ పట్టడంలో నన్ను మించినోడు సాలూరు స్టాండులో నేడు. ఏలి మీద రాసుకుని వాసన సూస్తే సగం తెలిసిపోద్ది. కాగితమ్మీద సుక్క ఏసి ఆరబెడితే మరక అంచు సూసి మిగతా సగం సెప్పీసేవోడ్ని. ఓనర్లే పిలిసి మరీ సూపించుకునేవోరు. అంటే ఏటి, కల్తీ కనిపెట్టడం నాకు పిచ్చి కాదు, నా పని.

పోయిన వానాకాలం ఘాటీ మీద పొద్దున్నే మంచు పట్టీసింది. ఎనకాలొచ్చిన లారీ మూడు హారన్లు కొట్టినాది. ఎదురొచ్చింది కూడా మూడు కొట్టినాది. డ్రైవర్లకి హారన్ భాష ఉంటాది. పక్కకి జరుగు అని ఒకలాగ, ముందర చెకింగ్ ఉన్నాదని ఒకలాగ కొడతారు. వరసగా మూడు కొట్టడం ఏ భాషలోనూ నేదు. అది నా గురించే. ఈడే, ఈడే, ఈడే అని ఒకడికొకడు సెప్పుకుంటన్నారు. ఆ రోజు నుంచి ఎక్కడికెల్లినా అదే. ఒక రోజు ఓర్సుకోనేక మలుపులో బండి ఆపీసి, జాకీ రాడ్డు పట్టుకుని ఎనక లారీ దగ్గరకి ఎల్లి దిగమన్నాను. దిగినోడు త్రినాథ్. పదిహేనేళ్లు ఒక కంచంలో తిన్నోళ్లం. నాను హారనే కొట్టనేదు బావా అనీసి ఆడు నా రాడ్డు ఏపు సూస్తా నిలబడిపోనాడు. మర్నాడు ఓనరు నరసింగరావు తాళం తీసీసుకుని, కొన్నాళ్లు రెస్టు తీసుకో స్టాన్లీ అన్నాడు. త్రినాథ్ కూడా రెస్టే అన్నాడు. ఇద్దరి నోట్లోనూ ఒకటే మాట ఎలగొచ్చినాది?

ఇంటికాడ నా బార్య కృపారాణి. అంగన్‌వాడీలో ఆయా. మా పెళ్లయి పంతొమ్మిదేళ్లు. ఒకసారి డాక్టరు దగ్గరకి ఎల్దాం మావా అన్నాది. ఏ డాక్టరు అంటే నేల సూపులు సూసినాది. అప్పుడు దానికి కరాకండీగా సెప్పీసినాను. పిచ్చి డాక్టరు గుమ్మం నా సేత తొక్కిస్తే ఆ రోజే మన కాపురం ఆకరు అని. అది మళ్లీ ఆ మాట ఎత్తనేదు. అలగ ఊరుకోడం కూడా నాకు నచ్చనేదు.

కార్తీకం ఎల్లినకాడ నుంచి నా ఒంట్లో తేడా ఒచ్చినాది. నాలిక మందం అయిపోనాది. సేతులు బిగిసిపోయి సొక్కా గుండీలు పెట్టుకోనేకపోయేవోడ్ని. నోట్లోంచి సొంగ కారి తలగడ తడిసిపోయేది. ఇరవై రెండేళ్లు కునుకులతోనే బతికినోడ్ని, పొద్దెక్కీసి పదకొండయినా లెగనేకపోయేవోడ్ని. డ్రైవరుకి అంత నిద్దర తనంతట తాను రాదు. ఎవడో పెడతన్నాడు.

ఎవడని కనిపెట్టడం మొదలెట్టినాను. కృప తమ్ముడు విక్టర్ విజయనగరంలో వెల్డింగ్ పని సేస్తాడు. ఆడు ప్రతి గురువారం ఒచ్చేవోడు. ముందు నాతో, బాగున్నావా బావా అనేవోడు, ఆ తర్వాత సరాసరి వంటింట్లోకి ఎల్లిపోయేవోడు. అక్కా తమ్ముడూ గుసగుసలాడుకునేవోరు. నాను గుమ్మంలోకి ఎల్తే, దోసకాయలు సేదొస్తన్నాయి కదా అని మాట మార్సీసేవోరు. ఏడాదిలో యాబై రెండు వారాలూ దోసకాయల గురించి మాటాడుకునే అక్కా తమ్ముల్ని నాను ఎక్కడా సూడనేదు.

కృప అంగన్‌వాడీకి ఎల్లినాక ఇల్లంతా ఎతికినాను. బియ్యం డబ్బా, సోడిపిండి డబ్బా, సింతపండు జాడీ, దాని సీరల మడతలు, సిలిండరు కింద, ఏదీ ఒదల్నేదు. ఏటీ దొరకనేదు. టీ సుక్క తీసి పేపరు మీద ఏసి ఎండబెట్టినాను. మరక అంచున జిడ్డు ఒలయం కట్టినాది. మా ఈదిలో పాలు పోసే తాయారు ఇంటికెల్లి, అది గేదె పాలు పిండుతుంటే ఎదురుగా కూకున్నాను. మూడో రోజుకి అది సెంబు పట్టుకుని నా మొకం సూసి, నీకేటి కావాలి అన్నయ్యా అన్నాది. నాను ఏటీ సెప్పనేదు. సెప్తే జాగర్త పడిపోద్ది కదా.

ఒక మంగళవారం పొద్దున్న కృప టీ తెచ్చినాది. మా ఇంట్లో రెండు స్టీలు గ్లాసులు, పెళ్లికి వాళ్లమ్మ పేర్లు కొట్టించి ఇచ్చినవి. నా పేరున్న గ్లాసు నాకు, దాని పేరున్నది దానికి. పంతొమ్మిదేళ్లూ అంతే. అంటే ఎవడికి ఏటి ఎయ్యాలో గ్లాసు మీదే రాసున్నాది. ఆ మాట అప్పుడే తట్టినాది. నా గ్లాసు దాని ముందుకి తోసినాను.

"ముందు నువ్వు తాగు," అన్నాను.

అది నా కల్లలోకి సూసినాది. తర్వాత గ్లాసు తీసుకుని సగం తాగి, సగం నాకిచ్చినాది. నాకు సిగ్గేసినాది, నిజం సెప్తన్నాను. కానీ ఆ రోజు నుంచి అదే పద్ధతి పెట్టీసినాను. టీ, అంబలి, పులుసు, ఏదైనా ముందు అది తాగాలి, మిగిలింది నాను తాగాలి. ఒక్క పూట కూడా అది ఎదురు సెప్పనేదు. అయితే కృప మంచిదే, విక్టరో తాయారో సేస్తన్నారని తేల్సుకున్నాను.

గురువారానికి కృప తేడాగా ఉన్నాది. కూకున్న సోట కూకోనేకపోయేది, కాళ్లు ఆడిస్తానే ఉండేది. శనివారం రొట్టె నమలనేక పక్కన పెట్టీసినాది. నాకు పెట్టినోళ్లు నా పెళ్లాన్ని కూడా ఒదల్నేదు. తాయారు పాలు మానీమని దానికి సెప్పినాను. నిన్ను నాను కాపాడుకుంటాను, బయపడకు అన్నాను. అది మొకం తిప్పీసుకుని ఏడిసినాది. అప్పుడు నాను అది బయం అనుకున్నాను.

ఆదివారం పొద్దున్న నా వంతు టీ తాగకుండా ఒక సిన్న నీల్ల సీసాలో పోసి జేబులో ఎట్టుకున్నాను. ల్యాబులో ఇచ్చీసి రుజువు సేద్దామని. ఇద్దరం చర్చికి ఎల్లినాం. రెండో కీర్తన పాడతన్నారు. ఆడోళ్ల ఏపు ఏదో కలకలం అయినాది. సూస్తే కృప. దాని మెడ ఎడమ పక్కకి మెలి తిరిగిపోయి, కల్లు పైకి ఎల్లిపోయి, చర్చి కప్పు కేసి సూస్తన్నాది. దవడ పట్టీసినాది. సేతిలో బైబిలు మాత్రం ఒదల్నేదు. సంఘ పెద్ద డేవిడ్‌రాజు గారు పరిగెత్తుకొచ్చి దాని తల మీద సెయ్యేసి, దెయ్యాన్ని గద్దించడం మొదలెట్టినారు. పాస్టరు అయ్యగారు అందర్నీ మోకరించమన్నారు.

నాను బెంచీలు దాటుకుని ఎల్లి, ఇది దెయ్యం కాదు, ఇసం పెట్టినారు, నాను నెలలబట్టీ మొత్తుకుంటన్నాను, ఇప్పుడైనా సూడండి అని అరిసినాను. అందరూ నన్ను సూసినారు. దాన్ని కాదు, నన్ను. ఒక్క విక్టర్ మాత్రం నన్ను సూడనేదు. ఆడి మొకంలో రక్తం నేదు. ఆడే బయటికి పరిగెత్తి జీపు పిలిసినాడు. ఎంత తొందరో సూడు, అనుకున్నాను. విజయనగరం దాకా దాని గెడ్డం నా సేతిలో పట్టుకుని కూకున్నాను. ఇది పోతే నాకు ఇంకెవలూ నేరు. అదొక్కటే నా బుర్రలో తిరిగినాది.

ఆస్పత్రిలో డ్యూటీలో ఉన్నది ఒక లేడీ డాక్టరు, సిన్న వయసు. ఇసం అన్నాను, టీ సీసా బల్ల మీద ఎట్టినాను. నవ్వుతాదని సూసినాను. నవ్వనేదు. ఈ టీ ఎవరెవరు తాగుతున్నారని అడిగినాది. ఇద్దరం అన్నాను. నా సెయ్యి పట్టుకుని మోసేయి కాడ ఒంచినాది. జాకీ దించినట్టు టక్కు టక్కుమని ఆగి ఆగి ఒంగినాది నా సెయ్యి. అప్పటిదాకా నాకే తెల్దు.

"మీ ఇద్దరి ఒంట్లోనూ ఒకటే మందు ఉన్నట్టుంది," అన్నాది డాక్టరమ్మ. "విషం కాదు, మందు. ఎవరు ఇస్తున్నారు?"

నాను విక్టర్ని సూసినాను. ఆడు కిందకి సూస్తన్నాడు. అప్పుడు కృప సెయ్యెత్తినాది. మెడ గోడకి తిరిగున్నాది, నోరు పెగలటం నేదు. ఏలు మాత్రం బల్ల మీదున్న దాని బైబిలు కేసి సూపించినాది.

బైబిలు జిప్పు కవరు నానే తీసినాను. లోపల జేబులో పెన్ను, కల్లజోడు గుడ్డ, పక్కన సుక్కల మందు సీసా. ఇల్లంతా తవ్వి పోసినోడ్ని, దాని బైబిలు మాత్రం ముట్టుకోనేదు. అందులో సూడాలని బుర్రకే రానేదు. అది ఆ సంగతి ఎరిగే అక్కడ ఎట్టినాది.

డాక్టరమ్మ కృపకి ఇంజక్షన్ సేసినాది. పావుగంటలో మెడ దానంతట అది ఒదులై తిరిగొచ్చినాది. ఈలోగా విక్టర్ అంతా కక్కీసినాడు. ఆడు ఒక ప్రైవేటు పిచ్చి డాక్టరు దగ్గరకెల్లి హారన్ల కాడ నుంచీ నా సంగతంతా సెప్పినాడంట. ఆయన నన్ను సూడకుండానే సుక్కలు రాసిచ్చీసినాడంట. రుసి ఉండదు, వాసన ఉండదు, టీలో ఏసీమని. ఇది ఇనీసరికి డాక్టరమ్మ మొకం గట్టిపడిపోనాది. మనిషిని చూడకుండా రాయడం తప్పు, రాశాక చేతులు బిగుస్తున్నాయేమో ఎవరూ చూడకపోవడం ఇంకా తప్పు అన్నాది. ఎన్ని చుక్కలు వేశావని కృపని అడిగినాది. ముందు నా ఒక్క గ్లాసులోనే ఏసేదంట. మంగళవారం నుంచి అదే గ్లాసులో రెట్టింపు. సగం తను తాగీసినా నా సగంలో నాకు సరిపడా అందాలని.

నాకు పెట్టినందుకు కాదు, అది తాగినందుకు కోపం ఒచ్చినాది. కొట్టీసేటంత కోపం, ఏడిసీసేటంత కోపం.

"ఒసే, మందని తెలిసి నువ్వెందుకు తాగినావే?" అన్నాను.

దవడ నొప్పికి మాట ముద్ద ముద్దగా ఒచ్చినాది.

"నాను తాగనంటే నీకు తెలిసిపోద్ది కదా మావా. ఇంక నా సేతి కూడు ఎప్పుడూ ముట్టవు."

నాను బయటికి ఎల్లిపోయి, మళ్లీ లోపలికి ఒచ్చినాను. రాసుకోండి డాక్టరమ్మా అన్నాను. నాకు పిచ్చి నేదు, కలుపుతున్నారన్నాను, కలిపినారు, ఇదిగో సీసా అన్నాను. నా జన్మలో అంత గట్టిగా ఎప్పుడూ గెలవనేదు.

"టీ గురించి మీరు చెప్పింది నిజం," అన్నాదామె. "మీకు చెప్పకుండా మందు పెట్టడం తప్పు. అందులో డాక్టర్ల తప్పు కూడా ఉంది, దానికి నేను క్షమాపణ అడుగుతున్నాను. మరి హారన్లు? ఇందాక మెయిన్ రోడ్డు మీదే కదా వచ్చారు. ఎన్ని లారీలు మూడు కొట్టాయి?"

జవాబు సెప్దామని నోరు తెరిసినాను. ఆ రోడ్డు మీద లారీలు రాకుండా ఎలగుంటాయి? హారన్లు కొట్టకుండా ఎలగుంటాయి? నాకు ఒక్కటీ గుర్తు రానేదు. ఈ రోజే కాదు, క్రిస్మస్ ఎల్లినకాడ నుంచీ ఒక్కటి కూడా గుర్తు నేదు. నాకు తెలిసిపోయిందని ఆళ్లే మానీసుంటారు అన్నాను. డాక్టరమ్మ అదీ రాసుకున్నాది. కావొచ్చు అన్నాది. ఇంకోటి కూడా కావొచ్చు, మందు వల్ల ఆగి ఉండొచ్చు, ఇలా అనిపించే జబ్బు ఉంది, వచ్చినవాళ్లు మందు వాడి మళ్లీ పనుల్లోకి వెళ్తున్నారు అన్నాది. ఒళ్లు ఇంతగా బిగించని మాత్రలు ఉన్నాయి, రాసిస్తాను, ఒంట్లో ఏ తేడా వచ్చినా నాకే చెప్పండి, కానీ మీ చేత్తో మీరే వేసుకోవాలి, ఇంకెవరూ కలపరు అన్నాది. ఆలోసిస్తాను అన్నాను. మాత్రల సీటీ మడిసి జేబులో ఎట్టుకున్నాను. నమ్మకమొచ్చిందని సెప్పను. ఆ సీటీ ఎనక్కి తిప్పి కూడా సూసినాను, ఏటైనా రాసున్నాదేమోనని.

వరండా బెంచీ మీద కృపా నానూ కూకున్నాం. విక్టర్ క్యాంటీన్ నుంచి రెండు కాగితం కప్పుల్లో టీ తెచ్చి మా మద్దెన ఎట్టి, దూరంగా ఎల్లి నిలబడ్డాడు. కృప తన కప్పు ముట్టనేదు. నా కప్పు తీసినాది. ఆ దవడతో, అలవాటుగా, ముందు తను తాగడానికి నోటి దగ్గరకి ఎట్టుకున్నాది.

దాని సేతిలోంచి ఆ కప్పు లాగీసుకున్నాను. టీ పొగలు కక్కుతున్నాది. తెచ్చినోడు విక్టర్. అందులో ఏటున్నాదో నాకు తెల్దు. తాగీసినాను.