తవిటినాయుడి నెత్తుట్లో వెతికాను

ఆ రోజు మా ఇంట్లో ఎవరెవరున్నారో ముందు చెబుతాను. పై అరలో ద్రావకాల సీసాలు, వాటి వెనక గడువు దాటినా ఎవరూ పారేయని ఒక ముసలి పరీక్షల కిట్టు. మధ్య అరలో నేను, నా పక్కన నెత్తుటిలోని టీ కణాలను పట్టే అక్క. కింద అరలో, తినేవి పెట్టకూడదని తలుపు మీదే రాసి ఉన్నా, అటెండరు సింహాద్రి మజ్జిగ సీసా. మా ఇల్లంటే ఉత్తరాంధ్రలో ఒక పెద్దాసుపత్రి పరీక్షల గదిలో ఉన్న ఫ్రిజ్.

నేను ఒక యాంటీబాడీని. బడి పుస్తకాల్లో ప్రతిరక్షకం అని రాస్తారు. మనుషుల నెత్తుటిలో బి కణాలని ఉంటాయి. రోగాలతో పోరాడే ప్రతిరక్షకాలను తయారుచేసేవి అవే. ఆ కణం ఒంటిమీద, బయటి కబురు లోపలికి అందించే గ్రాహకం ఒకటి ఉంటుంది. దాన్ని వెతికి పట్టుకోవడమే నా పని. ఇంకేదీ నాకు చేతకాదు. ఎన్ని కణాల మధ్య వదిలినా ఇంకెవరినీ ముట్టుకోను.

నేను ఒక ఎలుక వంశానికి చెందినదాన్ని. నన్ను కనడం కోసం ఆ ఎలుకకు మనిషి కణాలు ఎక్కించారు. దానికి పేరు కూడా పెట్టలేదు. నాకు మాత్రం పేరూ, అంకె, గడువు తేదీ, అన్నీ ఇచ్చారు. గాజు తొట్టిలో పెరిగాక నా వీపుకు వెలిగే రంగు అంటించారు. నేను పట్టుకున్న కణం మీద యంత్రం లేజరు కిరణం వేస్తే ఆ రంగు మెరుస్తుంది. మెరిసినవాటిని యంత్రం లెక్కపెట్టి మనుషులకు చెబుతుంది. మామూలు వెలుతురులో ఉంచితే ఆ రంగు వెలిసిపోతుంది. అందుకే నన్ను నల్ల సీసాలో, చీకట్లో దాస్తారు. నాకూ అదే హాయి. నలుగురి ముందూ నిలబడడం నావల్ల కాదు.

ఐస్ పెట్టెలో విమానమెక్కి, వ్యానెక్కి, చివరికి టెక్నీషియన్ ఉమాగౌరి చేతికి వచ్చాను. ఆవిడ నన్ను చంటిపిల్లలా చూసుకునేది. చల్లగా ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు. గడ్డకడితే నా రంగు చచ్చిపోతుంది.

ఆ రోజు మధ్యాహ్నం ఆవిడ పని ముగించుకుని ఇంటికి వెళ్లాక ఫ్రిజ్ ఆగిపోయింది. బయట ఎండ మండిపోతోంది. సింహాద్రి మంచి మనిషి. మేం పాడైపోతామని కంగారుపడి, అందరినీ ఒడిలో పెట్టుకున్నట్టు తీసుకెళ్లి పక్క గదిలోని డీప్ ఫ్రీజర్‌లో సర్దాడు. నా చుట్టూ ఉన్న నీరు సూదులై లేచింది. నా వీపు మీది రంగు విరిగిపోవడం నాకు తెలుస్తూనే ఉంది. సాయంత్రం ఫ్రిజ్ బాగయ్యాక మమ్మల్ని కరగబెట్టి, తుడిచి, ఎవరి చోట వాళ్లని పెట్టాడు. చేసింది చిన్న మేలే కదా అని ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే తవిటినాయుడు వచ్చాడు. మూడేళ్లవాడు, తల్లి అసిరమ్మ భుజం మీద. నిమోనియా తగ్గడం, మళ్లీ రావడం. వాడి ఒంట్లో బి కణాలే లేవేమోనని డాక్టర్ సుభాషిణికి అనుమానం. అదే నిజమైతే, ఇతరుల నెత్తుటి నుంచి తీసిన ప్రతిరక్షకాలను వాడికి ఎక్కించాలి. అది దొరకడమే కష్టమైన మందు. పరీక్ష కాగితం లేనిదే ఇవ్వరు.

వాడి నుంచి తీసిన నెత్తుటిలో నన్ను వేశారు. నా రంగు పోయింది గానీ చేతులు పోలేదు. వెతికాను. ప్రతి కణం దగ్గరికీ వెళ్లాను. ఒక్కటీ లేదు. నా జీవితంలో ఖాళీ చేతులతో తిరిగి రావడం అదే మొదలు.

యంత్రం సున్నా చూపించింది.

"అనుకున్నదే," అంది డాక్టర్.

"ఉండండి మేడం, నాది కూడా చూద్దాం," అంది ఉమాగౌరి.

ఆరోగ్యంగా ఉన్న ఒకరి నెత్తురు పక్కన పెట్టి చూడందే ఏ ఫలితాన్నీ నమ్మకపోవడం ఆ గదిలో ఆచారం. సూదంటే సింహాద్రి మాయమైపోతాడు కాబట్టి ఎప్పుడూ ఉమాగౌరే చెయ్యి చాస్తుంది. ఆవిడ నెత్తుటిలో బి కణాలు బోలెడు. ఒక్కొక్కదాన్నీ గట్టిగా పట్టుకున్నాను. కానీ మెరవలేకపోయాను.

అక్కడా సున్నా.

"నాకూ లేవట మేడం. మరి నేనెలా తిరుగుతున్నానో," అంది ఉమాగౌరి. అంటే తప్పు నా సీసాలోనే ఉందన్నమాట.

తలుపు దగ్గర నుంచి సింహాద్రి నెమ్మదిగా అన్నాడు. "అమ్మా, నిన్న పిడ్జి ఆగిపోతే నానే ఆటిని గడ్డకట్టే పెట్టిలో ఎట్టినాను. మా ఇంటికాడ సేపలు అలాగే ఎడతాం. పాడవ్వవు."

"చేపలూ ఇవీ ఒకటేనేటి సింహాద్రీ?" అంది ఉమాగౌరి.

అతను తల దించుకున్నాడు. డాక్టర్ కుర్చీలో కూలబడింది. కొత్త సీసా రావాలంటే వారాలు పడుతుంది.

నాకు తెలుసు. వాడికి బి కణాలు లేవని ఆ గదిలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. చెప్పడానికి నాకున్నది ఆ వెలుగొక్కటే. అది పోయింది. నల్ల సీసాలో కూర్చుని, లేవు, లేవు అని అరుస్తున్నాను.

అసిరమ్మ గుమ్మం దాకా వచ్చింది. "ఏటయిందమ్మా? మా తవిటినాయుడికి ఏటుందంట?"

ఆ పేరు విని డాక్టర్ తలెత్తింది. ఆమెదీ ఆ ప్రాంతమే. వరసగా పిల్లలు పోతే, తర్వాత పుట్టినవాణ్ని పొరుగావిడ చేతిలో పెట్టి, చేటెడు తవుడిచ్చి తిరిగి కొనుక్కుని ఆ పేరు పెడతారు. అంత చవక బిడ్డ మీద చావుకు కన్ను పడదని ఆశ.

"వీడికి అన్నలున్నారా అని అడిగితే లేరన్నావు కదా అసిరమ్మా. పుట్టి పోయారా?"

అసిరమ్మ బిడ్డ చెవులు రెండూ అరచేతులతో మూసింది. "పోనోల్ని తలిస్తే ఈడ్నీ పిలుత్తారమ్మా. అందుకే సెప్పనేదు."

"మగపిల్లలేనా?"

"ఇద్దరూ మగోలే. ఇలాగే దగ్గి దగ్గి ఎల్లిపోనారు."

డాక్టర్ లేచింది. ఈ జబ్బు తల్లి వైపు నుంచి మగపిల్లలకే వస్తుందని ఉమాగౌరికి చెప్పింది. "మందు తెప్పించు. కాగితం మీద నేను సంతకం పెడతాను. పరీక్ష తర్వాత చూసుకుందాం."

"మేడం, ఎక్స్‌రేలో వాడి ఊపిరితిత్తులు ఇప్పటికే సగం పాడై..."

"చూశాను."

అసిరమ్మ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "ఆ మందెక్కిత్తే బతుకుతాడామ్మా?"

డాక్టర్ వాడి వీపు మీద చెయ్యి వేసింది. వాడు ఊపిరి తీసినప్పుడల్లా ఆ చెయ్యి ఎగిరెగిరి పడుతోంది. ఉమాగౌరి ఏం చేయాలో తోచక నన్ను తీసి, ఎందుకూ పనికిరానని తెలిసి కూడా, మధ్య అరలో నా చోటనే పెట్టింది. అసిరమ్మ మళ్లీ అదే అడిగింది.

ఉమాగౌరి ఫ్రిజ్ తలుపు వేసేసింది.