మోటరు చేప పిల్లలు

పొద్దున్నే పత్తి చేనికి పోయేముందు యాపలదిన్ని వాగు మడుగులో కాసేపు గాలం వేయడం హనుమేశ్‌కి అలవాటు. చేపలమీద ప్రేమ కాదు, ఇంట్లో మాట్లాడే మనిషి లేక. భార్య కాన్పు జ్వరంతో పోయింది. పుట్టిన పిల్లను ఇడపనూరులో అత్త నింగవ్వ ఒళ్లో పెట్టి, "పది దినాలల్ల వచ్చి తీస్కపోతత్తా" అని చెప్పి వచ్చాడు. ఆ పిల్ల అహల్య ఇప్పుడు అంగన్‌వాడీకి పోతోంది. హనుమేశ్‌కి మాత్రం ఆ పది దినాలు ఇంకా కాలేదు.

ఒకరోజు అత్త ఫోన్ చేసింది. "మా నాయిన ఏడున్నడని అడుగుతున్నది పిల్ల. ఒకపారన్నా వచ్చి కనబడు."

ఇన్నాళ్లకి వట్టి చేతులతో ఏ మొహం పెట్టుకుని పోతాడు? పెద్ద కొర్రమట్టను పట్టి తీసుకుపోదామనుకున్నాడు. ఫోన్లో చూసి తెప్పించుకున్న మోటరు చేపను బయటికి తీశాడు. అరచేతంత ప్లాస్టిక్ చేప అది. కడుపు కింద గాలపు ముల్లు. నీళ్లు తగిలితే చాలు, తోక దానంతటదే ఆడుతుంది. ఛార్జింగ్ పెడితే ఒక పూట తిరుగుతుంది.

మడుగు ఒడ్డున ఒకచోట వేపకొమ్మ గుచ్చి ఉంది. ఆ ఊళ్లో బాలింత ఉన్న ఇంటి గడపకు వేపకొమ్మ కడతారు. నీళ్లలో ఎర్రటి చేపపిల్లలు గుంపుగా తేలుతూ, కింద కొర్రమట్ట కాపలా కాస్తుంటే అక్కడా గుచ్చుతారు. ఆ పక్క ఎవరూ గాలం వేయరు. హనుమేశ్ చిన్నప్పుడు తనే ఎన్నోసార్లు గుచ్చాడు. కాబట్టి తెలియక చేశాడని మనం సర్దిచెప్పడానికి లేదు. అటూ ఇటూ చూసి, వేపకొమ్మకు వీపు తిప్పి, మోటరు చేపను సరిగ్గా ఆ పిల్లల మధ్యకు వదిలాడు.

పిల్లల జోలికి వచ్చిందని తల్లి కోపంతో వచ్చి కరిచింది. ముల్లు గొంతులోకి దిగింది. ఒడ్డుకు లాగి ముల్లు ఊడదీసేసరికి దాని ప్రాణం పోయింది.

"ఏందిరా, బాలింతను పట్టినవా?" ఎనుములు కడగడానికి వచ్చిన ముసలి తాయప్ప వెనక నిలబడి ఉన్నాడు. "శరం లేదురా నీకు?"

ఉంది. చెవులు కాలిపోయేంత సిగ్గు ఉంది. ఆ చేపను ఇంటికి తీసుకుపోలేక, ఒడ్డునే గుంట తీసి పూడ్చాడు. మోటరు చేపను దారం తెంపి అవతల పారేశాడు. అది బురదమీద జారి నీళ్లలో పడి, మెల్లగా మడుగు నడిమికి పోయింది. ఎర్రపిల్లలన్నీ దాని చుట్టూ చేరాయి.

పూట గడిచింది, వారం గడిచింది. దాని తోక ఆడుతూనే ఉంది. కొంగ దిగితే గుర్రుమని మీదికి పోయేది. నీటిపాము కనబడితే పిల్లలను తుంగలోకి తోలేది. తాయప్ప తన ఎనుములను దిగువకు మళ్లించాడు. బట్టలుతికే ఆడవాళ్లు సబ్బునురగ అటు పోకుండా బండ మార్చుకున్నారు. "మోటర్ది పిల్లలతోటి ఉన్నది, జర అవతలికి జరుగు" అనుకునేవాళ్లు, అంతే. హనుమేశ్‌నూ ఎవరూ ఏమీ అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది అతనికి. బజార్లో కొన్న వస్తువు పరాయి పిల్లల్ని సాకుతోంది. తను కన్న పిల్ల ఎట్లా నవ్వుతుందో తనకు తెలియదు. ఇడపనూరు పోవాలన్న మాటే మింగేశాడు. రోజూ తుంగచాటున కూర్చుని చూసి, తలవంచుకుని చేనికి పోయేవాడు.

పిల్లల ఎరుపు పోయి నలుపు తిరుగుతుండగా అత్త మళ్లీ ఫోన్ చేసింది. "నాకు కండ్లు సక్కగ కనబడ్తలేవు. నా కొడుకు సిద్దు పిల్లను బెంగుళూరుకు తీస్కపోతనంటున్నడు. ఆడనే సదివిస్తడంట. ఆయితారం పోతరు."

అంటే పిల్ల ఇక మేనమామకే కూతురు. హనుమేశ్ మడుగు దగ్గరికి పోయాడు. మోటరు చేప ఇంకా పిల్లల చుట్టే తిరుగుతోంది. తర్వాత తాయప్పను అడిగాడు. "పెద్దయ్యా, ఇడపనూరు బస్సు ఎప్పుడుంటది?"

"పిల్ల కోసమేనా?"

"ఊఁ" అన్నాడు, నేలచూపులు చూస్తూ.

ఇడపనూరులో సిద్దు సంచులు కట్టి పెట్టాడు. అహల్య అవ్వ చీర చాటుకు పోయింది.

"సూసి పోతవా?" అంది నింగవ్వ.

"తీస్కపోనీకి వచ్చినత్తా."

"ఇన్నేండ్లు యాదికి రాలే?"

హనుమేశ్ సిగ్గుతో చేతిలోని బస్సు టికెట్టును మడతలు పెట్టసాగాడు.

"పిల్లను సాకనీకి వస్తదా నీకు?"

"రాదు. నేర్సుకుంట."

"ఎవరి తాన నేర్సుకుంటవ్?"

"మా మడుగుల మోటరు చేప తాన."

నింగవ్వ తల ఊపింది. "అది మంచిగ సాకుతదని మేం గూడ విన్నం" అంది. తర్వాత సిద్దు సంచిలోంచి అహల్య గౌన్లు ఒక్కొక్కటే బయటికి తీసింది. సిద్దు కూడా కాదనలేదు. బస్సు దాకా వచ్చి ఎక్కించాడు.

దారంతా అహల్య బస్సు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. హనుమేశ్‌కు ఆ పిల్ల మొహంలోకి చూసే ధైర్యం చాలలేదు. ఊరు చేరి ఇంటి ముందుకు వచ్చేసరికి గడపకు వేపకొమ్మ కట్టి ఉంది. పచ్చిది, అప్పుడే విరిచింది. తాయప్ప ఎదురరుగు మీద కూర్చుని, ఏమీ ఎరగనట్టు ఎటో చూస్తున్నాడు.

"ఇదేంది?" అని అడిగింది అహల్య.

"ఇంట్ల సంటిపిల్ల ఉందని కడ్తరు."

"ఎవరు?"

హనుమేశ్ కళ్లు తుడుచుకున్నాడు. "నువ్వే. జర ఆలస్యమైంది."

అహల్య కొమ్మనూ అతన్నీ మార్చి మార్చి చూసింది.

"అయితే తలుపు తియ్యి" అంది.